ఓడ కళాసీ చాకులు: గంజాం తీరంలో పాత మడత చాకులు ఎలా సేకరించాలి

గంజాం జిల్లాలోని తెలుగు ఇళ్ళలో పాత చాకు కోసం వెతికేవాళ్ళు వంటగదికంటే ముందు అటక ఎక్కాలి. రంగూన్ నుంచి తెచ్చుకున్న టేకు పెట్టె అడుగున, దస్తావేజుల సంచిలో, తాతగారి ముక్కుపొడి డబ్బా పక్కన మడిచిపెట్టిన చాకు ఉండే అవకాశం ఎక్కువ. గోపాల్పూర్ ఒకప్పుడు పేరున్న రేవు. ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే, మసూలా పడవలు అలలు దాటి సరుకునూ మనుషులనూ చేరవేసేవి. గోపాల్పూర్ నుంచీ, దిగువన బారువ, కళింగపట్నాల నుంచీ బర్మాకు కూలికి వెళ్ళిన కుటుంబాలు లెక్కలేనన్ని. అలా వెళ్ళినవాళ్ళ చాకులు ఇప్పుడు పాత ఇనుము తూకంలో పోతున్నాయి. వాటిని నిలబెట్టడానికి డబ్బుకంటే ఓపికే ఎక్కువ కావాలి. ఆ ఓపికను ఎక్కడ ఖర్చు చేయాలో కింద చెబుతున్నాను.

1. ముందు ఒక దారి ఎంచుకోండి

కనిపించిన ప్రతి చాకూ కొంటే ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఇనుప కొట్టు తయారవుతుంది. ఒకే పనికి పుట్టిన చాకులను వెతకండి. తీరం దగ్గర ఉండేవారికి నా సలహా తాడు కోసే చాకులు, అంటే నావికుల, మన మాటలో కళాసీల, చాకులు. వీటి ఆకారం తెలిస్తే చెత్తకుప్పలో ఉన్నా గుర్తుపట్టవచ్చు.

నావికుడి చాకుకు సాధారణంగా మొన ఉండదు. వాదర, అంటే కోసే అంచు, తిన్నగా సాగుతుంది; దాని ఎదుటి దళసరి అంచైన వెన్ను చివర్లో వంగి వాదరను కలుస్తుంది. గొర్రె డెక్కను పోలిన ఆకారం కాబట్టి ఇంగ్లండు కత్తి పనివాళ్ళు దానికి ఆ పేరే పెట్టారు. దీనికి కారణాలు మూడు. ఓడ తెరచాప కొయ్య మీద, ఊగే తాళ్ళ మధ్య పనిచేసేవాడి చేయి జారితే కింద ఉన్నవాడి మీద మొన దిగకూడదు. నెలల తరబడి ఇరుకు ఓడలో బతికే మనుషుల మధ్య గొడవ వస్తే పొడుచుకునే వీలుండకూడదు. మూడోదే అసలైనది. తారు పూసిన జనపనార మోకును కోయాలంటే దాన్ని చెక్క మీద పెట్టి, వాదరను ఆనించి, వెన్ను మీద కొయ్య సుత్తితో కొట్టేవారు. ఆ పనికి తిన్నని వాదర, దళసరి వెన్ను కావాలి. మొనతో పని లేదు. ఓడ ఎక్కే రోజునే కెప్టెన్ ప్రతివాడి చాకు మొన విరగ్గొట్టించేవాడని నావికుల్లో చెప్పుకుంటారు.

అమెరికా అయితే 1866లో చట్టమే చేసింది. వాణిజ్య ఓడల మీద నావికులెవరూ ఒరలో పెట్టుకునే కత్తి ధరించకూడదు. పనిలో చేరే ప్రతివాడికీ ఈ సంగతి చెప్పడం కెప్టెన్ బాధ్యత, చెప్పకపోతే 50 డాలర్ల జరిమానా. అలాంటి నిబంధన ఉన్న ఓడలో జేబులో పెట్టుకునే మడత చాకుకు గిరాకీ పెరగడం సహజం.

చాలా నావికుల చాకుల్లో కోసే రేకైన అలుగుతోపాటు దబ్బనంలా సన్నగిల్లే ఉక్కు ములుకు ఒకటి ఉంటుంది. దాన్ని మార్లిన్ స్పైక్ అంటారు. తాడు పురులను విడదీసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి, ముడి లేకుండా రెండు తాళ్ళను అతకడానికి వాడే పనిముట్టు అది. ఇది గుర్రం డెక్కలో ఇరుక్కున్న రాళ్ళు తీయడానికని అమ్మేవాళ్ళు నమ్మకంగా చెబుతారు. ఎక్కువ ప్రచారంలో ఉన్న ఈ మాట నిజం కాదు. తాడుతో పనిచేసినవారెవరికైనా ఆ ములుకు చేతిలో పెడితే క్షణంలో ఉపయోగం చూపిస్తారు. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టి, మేకు లేకుండా మసూలా పడవ కట్టిన తీరం ఇది. ఆ పని చూసి పెరిగిన వృద్ధులు గోపాల్పూర్, ఆర్జిపల్లి వాడల్లో కనిపిస్తే తప్పకుండా అడగండి.

మడత చాకు కొత్త వస్తువు కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడితో దొరికినది దాదాపు 2,500 ఏళ్ళ నాటిది. రోమన్లూ వాడారు. అయితే తెరిచినప్పుడు అలుగును పట్టి నిలిపే వెన్ను స్ప్రింగు 17వ శతాబ్దంలోగానీ వ్యాపించలేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం ఆ పనిలో ప్రపంచానికే పెద్ద బజారు అయింది. మన తీరానికి చేరిన చాకుల్లో మంచివి చాలావరకు అక్కడివే.

ఓడల చాకులు మీకు నచ్చకపోతే ఇంకో దారి ఉంది. తాటాకు రాసే గంటానికి చిన్న చాకు జోడించి, రెండూ ఒకే పిడిలోకి మడుచుకునేలా చేసినవి దక్షిణ భారతంలో ఉన్నాయి. ఆకు అంచులు కత్తిరించడానికి ఒక చివర, అక్షరం గీయడానికి మరో చివర. తాటాకు రాత ఇంకా చేతివృత్తిగా బతికి ఉన్న ఒడిశాలో వీటికోసం వెతకడం ఎంతో అర్థవంతమైన పని. దొరకడం కష్టం, దొరికితే మాత్రం వదలకండి.

2. ఎక్కడ వెతకాలి

మొదట మీ బంధువుల ఇళ్ళు. కొంటానని వెళ్ళకండి, చూస్తానని వెళ్ళండి. "పెద్దనాన్నగారూ, తాతగారు ఓడ మీద వెళ్ళినప్పటి సామాను ఏమైనా ఉందా?" అని అడిగితే పెట్టె తెరుచుకుంటుంది. "పాత చాకులుంటే అమ్ముతారా?" అని అడిగితే మూసుకుంటుంది. చాకు ఇవ్వకపోయినా ఫొటో తీసుకోనివ్వమనండి, చెప్పినది రాసుకోండి.

తర్వాత పాత ఇనుప సామాను కొనేవాళ్ళు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, ఎక్కడైనా సరే ఒక్క కొట్టుతో స్నేహం పెంచుకుంటే చాలు. విరిగిన చాకైనా తూకంలో వేయకుండా పక్కన పెట్టమని చెప్పి, తూకం ధరకంటే కొంచెం ఎక్కువ ఇస్తూ ఉండండి. విరిగిన చాకులు కూడా కొనమనడానికి కారణముంది. వాటిలోని రివెట్లు, ఇత్తడి పొరలు, పిడి ముక్కలు రేపు మరో చాకును బతికిస్తాయి.

ఇంటర్నెట్‌లో కొనడం చివరి మార్గంగా ఉంచుకోండి. చేతిలోకి తీసుకుని తెరిచి మూయకుండా పాత చాకు మంచిచెడులు తెలియవు.

3. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

ముందు అమ్మేవారి అనుమతి అడిగి నెమ్మదిగా తెరవండి. తుప్పు పట్టిన స్ప్రింగు మీద బలం పెడితే గోరు విరుగుతుంది, లేదా స్ప్రింగే విరుగుతుంది. బిగుసుకుపోయి ఉంటే అక్కడ తెరవడం మానేయండి. ఇంటికి తెచ్చి నూనె వేసి ఒక రాత్రి ఉంచితే దానంతట అదే వదులవుతుంది.

తెరుచుకున్నాక చెవి పెట్టండి. మంచి స్ప్రింగు ఉన్న చాకు తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కున పలుకుతుంది. అలుగును రెండు వేళ్ళతో పట్టి పక్కలకు కదిపి చూడండి. కొద్దిగా ఊగితే ఫరవాలేదు, పని చేసిన చాకు ఊగుతుంది. ఎక్కువగా ఊగితే ఇరుసు రివెట్టు అరిగిందన్నమాట.

తర్వాత అలుగు ఎంత మిగిలిందో చూడాలి. గోటితో లాగడానికి వెన్ను పక్కన చెక్కిన గాడి నుంచి వాదర దాకా ఉన్న వెడల్పు గమనించండి. సాన పట్టీ పట్టీ అలుగు సన్నబడితే ఆ వెడల్పు తగ్గి, వాదర మధ్యలో లోపలికి వంపు తిరుగుతుంది. పేరున్న సేకర్తలు చాలామంది అలాంటి చాకును పక్కన పెట్టేస్తారు. వారితో నేను ఏకీభవించను. సమానంగా అరిగిన అలుగు, పట్టు తెలిసిన చేయి దాన్ని ఏళ్ళ తరబడి సాన పట్టిందని చెబుతుంది. వెన్ను మీద చిన్న చిన్న నొక్కులు వరుసగా ఉంటే సుత్తి దెబ్బలు తిన్న చాకు, అంటే మోకులు కోసిన చాకు. నావికుల చాకులు సేకరించేవారికి ఆ నొక్కులు ముద్రకంటే విలువైనవి. కరెంటు సానచక్రం మీద ఎవరో గీకేసిన అలుగు మాత్రం వేరే సంగతి. అడ్డదిడ్డమైన గీతలు, మండి నీలం తిరిగిన ఉక్కు కనిపిస్తే వదిలేయండి. వేడికి ఉక్కు మెత్తబడి ఉంటుంది.

4. ముద్ర చదవండి

అలుగు పిడిలోకి దిగేచోట, వెడల్పైన మొదట్లో తయారీదారు ముద్ర ఉంటుంది. అరిగిపోయి కనబడకపోతే చీకటి గదిలో టార్చి వెలుగును పక్క నుంచి, దాదాపు అలుగుకు సమాంతరంగా వేయండి. నీడలో అక్షరాలు లేస్తాయి. పలుచని కాగితం వేసి మెత్తని పెన్సిలుతో రుద్దినా అచ్చు పడుతుంది. ముద్ర చదవడానికని ఎన్నడూ గీకవద్దు.

మన ప్రాంతంలో పెద్దలు తలుచుకునే పేరు జోసెఫ్ రాడ్జర్స్. నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ ఆ షెఫీల్డ్ సంస్థ గుర్తు. రాజకుటుంబానికి చాకులు సరఫరా చేసేవారు కాబట్టి కిరీటం, రాజు లేదా రాణి పొడి అక్షరాలు కూడా వేసేవారు. వి.ఆర్. అని ఉంటే విక్టోరియా కాలం, అంటే 1837 నుంచి 1901 వరకు. ఇ.ఆర్. అయితే 1901 నుంచి 1910 వరకు ఉన్న ఎడ్వర్డ్ కాలం. జి.ఆర్. అయితే చాలావరకు 1910 తర్వాతది. పాత అచ్చులు కొంతకాలం వాడుతూ ఉండవచ్చు కాబట్టి ఈ అక్షరాలను "ఇంతకంటే పాతది కాదు" అని చెప్పే గుర్తుగానే తీసుకోండి. ఈ పేరుకున్న గిరాకీ వల్ల అక్షరం అటూ ఇటూ మార్చిన నకళ్ళు చాలా వచ్చాయి. స్పెల్లింగు ఒక్కొక్క అక్షరంగా సరిచూడండి. ఐ, ఎక్స్, ఎల్ అక్షరాల మధ్య నక్షత్రమున్న ముద్ర జార్జ్ వోస్టెన్‌హోమ్ సంస్థది, అదీ షెఫీల్డే.

దేశం పేరు కూడా కాలం చెబుతుంది. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం పెట్టిన షరతు 1891 నుంచి అమలైంది. "ఇంగ్లండ్", "జర్మనీ" అని చెక్కిన చాకులు ఎక్కువగా ఆ తర్వాతివి. స్టెయిన్‌లెస్ అనే మాట ఉంటే 1913కు ముందుది కానేకాదు. హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లో ఆ ఉక్కును తయారుచేసింది ఆ ఏడాదే. విక్టోరియా కాలం నాటి స్టెయిన్‌లెస్ చాకు అని ఎవరైనా అమ్మజూపితే అక్కడికక్కడే లేచి రావచ్చు.

బ్రిటిషు సైన్యానికీ నౌకాదళానికీ ఇచ్చిన చాకుల మీద పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణంతోపాటు ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ సరుకు. గొర్రె డెక్క అలుగు, డబ్బా తెరిచే పనిముట్టు, మార్లిన్ స్పైక్, గళ్ళు చెక్కిన నల్లటి పిడి, తాడు కట్టుకోవడానికి కొక్కెం ఉన్న ఈ రకం చాకులు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనికులతో తిరిగాయి. చాలావాటి మీద ఏడాది కూడా కొట్టి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే మంచి మొదటి చాకు లేదు. బరువైనది, మొరటైనది, తన వయసు తానే చెబుతుంది.

ఇంకొక విషయం. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రంలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. విదేశీ చాకుల మీద అమ్మిన దుకాణం పేరు కూడా కొట్టించే అలవాటు ఉండేది కనుక మద్రాసు, కలకత్తా, రంగూన్ పేర్లు కనిపిస్తే ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి. ఆ చాకు ఏ దారిన వచ్చిందో అదే చెబుతుంది.

5. పిడి దేనితో చేశారో తేల్చుకోండి

ఈ పని కొనకముందే చేయాలి, ఎందుకంటే ఇందులో చట్టం ఉంది. గేదె కొమ్ము పిడి అంచుల దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే కొంచెం కాంతి దూరుతుంది, పొరలు కనిపిస్తాయి. ఎముక పిడిలో సన్నని నల్లటి చుక్కలు, గీతలు ఉంటాయి. ఏనుగు దంతంలో అడ్డకోతలో ఒకదానినొకటి ఖండించే వంపు గీతలు కనిపిస్తాయి. గరుకైన బెరడు వంటి పిడి కణుజు కొమ్ము. షెఫీల్డ్ వాళ్ళు ఆ కొమ్మును మన దేశం నుంచే తెప్పించుకునేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల ప్రకారం దంతం, జింక జాతి కొమ్ములతో వ్యాపారం నిషేధం. వీటిని కొనవద్దు, అమ్మవద్దు. తాతల నాటి చాకు అలాంటి పిడితో ఇంట్లోనే ఉంటే అటవీశాఖ కార్యాలయంలో అడిగి, వారు చెప్పినట్టు చేయండి.

తెల్లగా, అచ్చం దంతంలా ఉండి, గీతలు రూళ్ళ కాగితంలా సమంగా ఉంటే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తుంది. ఆ పదార్థాన్ని కర్పూరం కలిపే చేసేవారు. కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించమని కొందరు చెబుతారు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, ఆ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

6. శుభ్రం చేయడం అంటే మెరిపించడం కాదు

సేకర్తలు చాకులకు చేసే హాని అంతా ఇక్కడే జరుగుతుంది. అలుగు మీద నల్లగా, బూడిదరంగుగా పట్టిన పొర ఉక్కుకు రక్షణ. ఎర్రగా, పొడిపొడిగా రాలేది మాత్రమే తినేసే తుప్పు. ఎర్రనిది తీయాలి, నల్లనిది ఉంచాలి.

పద్ధతి ఇది. ముందు చాకు తెరిచి, పిడి లోపలి సందులో ఏమి ఉందో వెదురు పుల్లతో బయటికి తీయండి. ఇనుప పుల్ల వద్దు. ఆ చెత్తను పారేయకముందు కాగితం మీద పోసి చూడండి. తారు ముద్దలు, పీచు, పొగాకు, ఒక్కోసారి ఇసుక ఉంటుంది. అది కూడా చాకు చరిత్రే, చిన్న పొట్లం కట్టి దాచండి. తర్వాత ఇరుసు దగ్గర రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి, నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉండండి. మురికి నూనెతో కలిసి బయటికి వస్తుంది, గుడ్డతో తుడవండి. నూనె తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. ఎర్ర తుప్పున్నచోట అతి సన్నని ఉక్కు ఊలును నూనెలో తడిపి, ఒకే దిశలో, బరువు పెట్టకుండా రుద్దండి. ముద్ర మీదికి వెళ్ళకండి.

చింతపండు, నిమ్మకాయ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడి బిందెలకు మంచివే, చాకులో ఉక్కూ ఇత్తడీ కలిసి ఉంటాయి, ఆ పులుపు సందుల్లో నిలిచి ఉక్కును తింటుంది. కొబ్బరినూనె, ఆముదం కూడా వద్దు. కొన్నాళ్ళకు జిగురై స్ప్రింగును పట్టేస్తాయి. చాకును నీళ్ళలో నానబెట్టడం అసలే వద్దు, కొమ్ము, ఎముక ఉబ్బి రివెట్ల దగ్గర పగులుతాయి.

సాన పట్టాలా? రోజూ వాడే చాకైతే తప్పకుండా పట్టండి, చేతి సానరాయి మీద, నీటితోనో నూనెతోనో. సేకరణలోని పాత చాకుకు అవసరం లేదు. చివరిగా దాన్ని వాడిన మనిషి పెట్టిన వాదర ఇంకా దాని మీద ఉంది.

7. మరమ్మతు

పిడి పలక ఊడినా, పగిలినా పర్లాకిమిడి వెళ్ళండి. గేదె, ఆవు కొమ్ములతో కొంగలూ చేపలూ చెక్కే పనివాళ్ళు అక్కడ తరాలుగా ఉన్నారు. కొమ్మును వేడిచేసి సాపు చేయడం, పలక తీయడం వాళ్ళ చేతిలో పని. పాత పలకను నమూనాగా తీసుకువెళ్ళండి, కొత్త పలకకు నిగనిగ వద్దని ముందే చెప్పండి. ఇత్తడి రివెట్టు ఏ కంసాలి అయినా వేయగలడు. మరమ్మతు చేయించిన సంగతి, ఏ భాగం కొత్తదో చాకు వివరాల్లో రాయాలి. అది దాచి అమ్మడం మోసం.

8. ఉప్పుగాలిలో దాచడం

తోలు ఒరలో, తోలు సంచిలో దాచవద్దు. తోలు తేమ పీల్చి ఇత్తడికి పచ్చని చిలుము పట్టిస్తుంది. ఒరను వేరుగా, చాకును వేరుగా ఉంచండి. పలుచగా నూనె రాసి, నూలు గుడ్డలో చుట్టి, మూత బిగుతైన డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పెట్టండి. ఆ సంచులను వానాకాలంలో తరచూ మార్చాలి. సెల్యులాయిడ్ పిడులు కాలం గడిచేకొద్దీ ఆమ్లపు ఆవిరి విడిచి, పక్కనున్న చాకులన్నిటికీ తుప్పు పట్టిస్తాయి. వాటిని గాలి తగిలేచోట, వేరే అరలో, పొయ్యికి దూరంగా ఉంచండి.

9. చట్టం, ప్రయాణం

ఆయుధ నిబంధనల ప్రకారం అలుగు 9 అంగుళాలకు మించి పొడవు గానీ, 2 అంగుళాలకు మించి వెడల్పు గానీ ఉండి, ఇంటి, వ్యవసాయ, వృత్తి పనులకు చేసినవి కాని కత్తులు ఆయుధాల కింద లెక్క. జేబు చాకులు ఆ కొలతకు చాలా లోపల ఉంటాయి. అయినా బొత్తాం నొక్కితే తెరుచుకునే చాకుల మీద కొన్నిచోట్ల ప్రత్యేక ఆంక్షలున్నాయి, అటువంటివి సేకరించకపోవడమే మేలు. కొన్న చాకును జేబులో వేసుకుని సంతలో తిరగకండి. గుడ్డలో చుట్టి, రసీదుతో పాటు సంచి అడుగున పెట్టండి. విమానంలో చేతి సంచిలో ఒప్పుకోరు. వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, కాబట్టి విదేశంలోని బంధువులకు పార్సిలు చేసేముందు పురావస్తు శాఖను అడగాలి.

10. ప్రతి చాకుకూ ఒక కార్డు

చాకు ఇంటికి వచ్చిన రోజునే రాయండి, శుభ్రం చేయకముందే. మూసినప్పటి పొడవు, తెరిచినప్పటి పొడవు మిల్లీమీటర్లలో, బరువు, ముద్ర పెన్సిల్ అచ్చు, పిడి పదార్థం, అరుగుదల ఎక్కడ ఉందో. స్కేలు పక్కన పెట్టి రెండువైపులా ఫొటో తీయండి. ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో దొరికింది, వాళ్ళు ఏమి చెప్పారు అన్నది వాళ్ళ మాటల్లోనే రాయండి. చాకు సొంతదారు కళాసీలకు పెద్ద అయిన సరంగా, మామూలు కళాసీయా, రంగూన్ మిల్లులో కూలీయా, వల బాగుచేసుకున్న జాలరా? చెప్పినవారికి కచ్చితంగా తెలిసినదీ, ఊహించి చెప్పినదీ వేర్వేరు గడుల్లో పెట్టండి. చాకును కుడిచేత్తో వాడారా ఎడమచేత్తోనా అన్నది కూడా సాన పట్టిన వాలు చూసి చాలాసార్లు చెప్పవచ్చు, అదీ రాయండి.

ఇచ్చినవారు తెలుగులో చెబితే తెలుగులో, ఒడియాలో చెబితే ఒడియాలోనే రాసుకోండి. కార్డు ఒక నకలు చాకుతోపాటు డబ్బాలో ఉంచి, రెండోది ఆ చాకు ఇచ్చిన కుటుంబానికి ఇవ్వండి. చాలాసార్లు వారం తిరగకుండానే వాళ్ళే పిలిచి, మరచిపోయిన ఓడ పేరో, తాతగారు దిగిన రేవు పేరో చెబుతారు. దాన్ని కూడా తేదీ వేసి అదే కార్డులో చేర్చండి.